విపత్తుల తరువాత పోలీసులు, సహాయక సిబ్బంది మానసిక ఆరోగ్యం (శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు)

తుపాను వచ్చినా, వరద ముంచినా, రైలు పడినా, గుడిలో తొక్కిసలాట జరిగినా జనాన్ని కాపాడి, శవాలను వెలికితీసి, దారులు తెరిచి, గుంపును అదుపు చేసేది పోలీసులూ ఇతర సహాయక సిబ్బందీ. ఆ పని వల్ల వాళ్ళ మనసుకు తగిలే దెబ్బ, దాన్ని తట్టుకోవడానికి అందే సాయం, అందని సాయం ఈ వ్యాసానికి విషయం. దీన్ని దగ్గరగా చూడటానికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు తగిన చోటు. ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు తూర్పు కనుమలు, మధ్యనున్న సన్నటి మైదానంలో హౌరా-చెన్నై రైలు మార్గం, జాతీయ రహదారి. గాలివానకు చెట్లు కొట్టి దారి చేసిన కానిస్టేబులే మరో ఏడు పట్టాల పక్కన శవాలకు కాపలా ఉంటాడు. అతను తరచు ఆ చుట్టుపక్కల ఊరివాడే అయి ఉంటాడు కూడా. ఈ రెండు సంగతులూ గుర్తుంటే తక్కిన వ్యాసం సులువుగా అర్థమవుతుంది.

ముందు చేరేవాళ్ళు

విపత్తు అనగానే పత్రికల్లో నారింజ రంగు దుస్తుల జాతీయ విపత్తు స్పందన దళం, అంటే ఎన్‌డీఆర్‌ఎఫ్ కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 10వ బెటాలియన్ స్థావరం గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉంది. అక్కడి నుంచి పలాసకు అయిదు వందల కిలోమీటర్లు పైమాటే. విశాఖపట్నంలో ఒక ప్రాంతీయ కేంద్రం ఉంది. విజయనగరం పక్కనే చింతలవలసలో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక పోలీసు (ఏపీఎస్‌పీ) 5వ బెటాలియన్ ఉంది. తుపానుకైతే వాతావరణ శాఖ ముందే చెబుతుంది కాబట్టి బృందాలను తీరానికి పంపి సిద్ధంగా ఉంచవచ్చు. రైలు ప్రమాదానికి అలాంటి హెచ్చరిక ఉండదు. తొలి గంట ఆ ఊరి జనానిది, రైల్వే గ్యాంగ్‌మన్లది, దగ్గరి స్టేషన్ ఎస్సైది, 108 అంబులెన్సుది. తరువాత అగ్నిమాపక కేంద్రం బండి వస్తుంది. రైల్వే పోలీసు (జీఆర్‌పీ), రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) సిబ్బంది చేరుకుంటారు.

ఈ వరుసలో లెక్కకు రానివాళ్ళు ఇంకా ఉన్నారు. నదిలోనో సముద్రంలోనో మునిగినవాళ్ళ కోసం పోలీసులు పిలిపించే గజ ఈతగాళ్ళు, పడవలు తెచ్చే మత్స్యకారులు, తెగిన తీగల మధ్య స్తంభాలెక్కే లైన్‌మన్లు, కుళ్ళిన పశువుల కళేబరాలను పూడ్చే పారిశుధ్య కార్మికులు, మార్చురీ సిబ్బంది. శిక్షణ పత్రాల్లో వీళ్ళ పేరు అరుదు. చూడరానిది ఎక్కువగా చూసేది మాత్రం వీళ్ళే.

ఒక నెల, మూడు పనులు

2013 అక్టోబరు మొదటి వారంలో, రాష్ట్ర విభజనకు వ్యతిరేకంగా సాగుతున్న సమైక్యాంధ్ర ఆందోళన హింసాత్మకమై విజయనగరం పట్టణంలో కర్ఫ్యూ పెట్టారు. కర్ఫ్యూ ఎత్తకముందే, అక్టోబరు 12న, ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా ఉత్తర మండలాల్లో వేలమందిని తీరం నుంచి తరలించాల్సి వచ్చింది. నవంబరు 2న, దీపావళి ముందురోజు రాత్రి, విజయనగరం దగ్గర గొట్లాంలో బొకారో ఎక్స్‌ప్రెస్ ప్రయాణికులు మంటలంటుకున్నాయన్న పుకారు విని పక్క పట్టాల మీదికి దూకారు. అదే సమయానికి వచ్చిన రాయగడ ప్యాసింజరు వాళ్ళను ఢీకొంది. కర్ఫ్యూలో రాళ్ళు, తుపానులో చెట్లు, గొట్లాంలో శవాలు, అన్నీ నెల తిరక్కుండానే. ఈ మూడింటికీ పిలుపు వెళ్ళింది ఈ రెండు జిల్లాల పోలీసులకే.

మానసిక ఆరోగ్య గ్రంథాలు ఒక ఘటనను ఒక దెబ్బగా లెక్కిస్తాయి. ఇక్కడి పని అలా నడవదు. ఆ మరుసటి ఏడాది, మళ్ళీ అక్టోబరు 12నే, హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీదుగా తీరం దాటి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలను కూడా కుదిపేసింది. 2017 జనవరి 21 రాత్రి కూనేరు దగ్గర హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి సుమారు నలభై మంది చనిపోయారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరాన్ని తాకింది. 2022 ఏప్రిల్ 11 రాత్రి బాతువ దగ్గర ఆగిన రైలు నుంచి దిగినవాళ్ళ మీదుగా కోణార్క్ ఎక్స్‌ప్రెస్ వెళ్ళి అయిదుగురు మరణించారు. 2023 అక్టోబరు 29 సాయంత్రం కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య పలాస ప్యాసింజరును రాయగడ ప్యాసింజరు వెనక నుంచి ఢీకొంది. 14 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటిన నాలుగు రోజులకే, నవంబరు 1న, కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి ఆలయంలో కార్తీక ఏకాదశి తొక్కిసలాటలో తొమ్మిది మంది మరణించారు.

ఈ తేదీల్లో అక్టోబరు, నవంబరు నెలలు ఎంత తరచుగా వస్తున్నాయో చూడండి. తుపానుల కాలమూ పండుగల కాలమూ ఒకటే. దసరా, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, దీపావళి, కార్తీక మాసపు గుళ్ళ రద్దీ అన్నీ అప్పుడే. వారాంతపు సెలవు మాట దేవుడెరుగు, ఇంట్లో పండక్కి కూడా సెలవు దొరకదు. 2019లో కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థలు కలిసి వెలువరించిన దేశవ్యాప్త పోలీసు నివేదిక ప్రకారం పోలీసులు సగటున రోజుకు 14 గంటలు పనిచేస్తున్నారు. సుమారు సగం మందికి వారాంతపు సెలవు లేదు. అదే ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోలీసులకు వీక్లీ ఆఫ్ ప్రకటించింది. మరుసటి ఏడాది కొవిడ్ వచ్చింది.

పంచనామా

పోలీసు పనిలో బయటివాళ్ళకు బొత్తిగా తెలియని భాగం శవ పంచనామా. అసహజ మరణం ఏదైనా పోలీసు అధికారి పంచాయతుదార్ల సమక్షంలో శవాన్ని పరీక్షించి రాయాలి. మొన్నటిదాకా నేర శిక్షాస్మృతి 174వ సెక్షన్ కింద, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 194వ సెక్షన్ కింద. శవం ఏ దిక్కుగా పడి ఉంది, కళ్ళు మూసి ఉన్నాయా తెరిచి ఉన్నాయా, ఒంటి మీద ఏ రంగు బట్టలు, మొలతాడు ఉందా, కాలికి మెట్టెలున్నాయా, పచ్చబొట్టు ఏమని ఉంది, గాయాలు ఎక్కడెక్కడ ఎంతెంత పొడవు, ఇవన్నీ చూసి, కొలిచి, కాగితం మీద పెట్టాలి. అగ్నిమాపక సిబ్బంది శవాన్ని బయటికి తెచ్చి పక్కన పెడతారు. పోలీసు దాన్ని చదవాలి. రైలు ప్రమాదంలోనైతే విడిపోయిన అవయవాలు ఎవరివో జతపరచాలి. చనిపోయినవాళ్ళ జేబుల్లో ఫోన్లు మోగుతుంటే ఎత్తి జవాబు చెప్పాల్సిందీ ఆ పక్కన నిలబడ్డ కానిస్టేబులే. అవతల తల్లో, భార్యో.

రెండో రోజు నుంచి వాసన. ముక్కుకు అమృతాంజనం రాసుకుని, చేతిరుమాలు కట్టుకుని పని కానిస్తారు. దృశ్యం మరుగున పడ్డాక కూడా వాసన వెంటాడుతుందని ఈ పని చేసినవాళ్ళు అంటారు. ఇంటికెళ్ళి రెండుసార్లు స్నానం చేసినా అన్నం సయించకపోవడం చాలామందికి తెలిసిన అనుభవమే.

అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన రోగనిర్ణయ గ్రంథం డీఎస్‌ఎమ్-5 ఈ సంగతిని గుర్తించింది. తన ప్రాణానికి ముప్పు రాకపోయినా, వృత్తిరీత్యా మానవ అవశేషాలను సేకరించే సహాయక సిబ్బందికి కూడా ఆ పనే మానసిక గాయం కావచ్చని అందులో ఉదాహరణగా ఇచ్చారు. పీటీఎస్‌డీ (మానసిక గాయం తరువాతి ఒత్తిడి రుగ్మత) అనే రోగనామమే 1980లో ఆ గ్రంథం మూడో కూర్పులో మొదటిసారి చేరింది. అంతకు మూడేళ్ళ ముందు, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. పోలీసులు, సైనికులు, విద్యార్థులు, స్వచ్ఛంద సేవకులు రోజుల తరబడి శవాలను పోగుచేసి దహనం చేశారు. వాళ్ళ నిద్ర సంగతి అడగాలన్న ఊహ అప్పటి వైద్యానికే లేదు.

ఇప్పుడైతే అడుగుతున్నారు, కనీసం కొన్ని దళాల్లో. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 290 మందికి పైగా చనిపోయారు. శ్రీకాకుళం, విజయనగరం మీదుగా వెళ్ళే రైలే అది. సహాయక చర్యలు ముగిశాక ఎన్‌డీఆర్‌ఎఫ్ డైరెక్టర్ జనరల్ అతుల్ కర్వాల్ ఒక సంగతి బహిరంగంగా చెప్పారు: తన జవానొకరికి నీళ్ళు చూస్తే నెత్తురులా కనిపిస్తోంది, మరొకరికి ఆకలి చచ్చిపోయింది. తిరిగి వచ్చిన బృందాలకు కౌన్సెలింగ్ ఏర్పాటు చేశామన్నారు. యూనిఫాం వేసిన దళాధిపతి నోట ఆ మాట రావడమే ఒక సహాయం. కింది ఉద్యోగికి నోరు విప్పే వీలు అక్కడ దొరుకుతుంది.

తన ఇల్లూ ఎగిరిపోయినవాడు

తిత్లీ రాత్రి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. శ్రీకాకుళం జిల్లా ఉత్తర తీరప్రాంతమైన ఉద్దానంలో తరతరాల కొబ్బరితోటలు, జీడితోటలు తెల్లారేసరికి నేలకొరిగాయి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో రోజుల తరబడి కరెంటు లేదు, తాగునీరు లేదు. ఆ రోజుల్లో ఆ స్టేషన్లలో డ్యూటీ చేసిన స్థానిక సిబ్బందిలో చాలామంది ఇంటి పెంకులూ పోయాయి, తోటలూ పోయాయి. ఫోన్లు పనిచెయ్యక ఇంట్లోవాళ్ళ క్షేమం తెలియకుండానే పక్క ఊళ్ళో చెట్టు కొమ్మలు కొట్టారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ జవానుకు ఈ బాధ లేదు. అతను వస్తాడు, పని చేస్తాడు, తిరిగి బ్యారక్‌కు వెళతాడు. స్థానిక కానిస్టేబు‌లూ లైన్‌మనూ రెండు విధాలా బాధితులు. సాయం అందుకునే వరుసలో నిలబడటానికి మాత్రం వాళ్ళకు డ్యూటీ అడ్డు.

సాయం ఆలస్యమైందని జనం రోడ్లెక్కినప్పుడు ఎదురుగా నిలబడాల్సిందీ వాళ్ళే. ఈ తీరంలో ఖాకీకి ఒక పాత లెక్క కూడా ఉంది. 2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాలకు ఎదురు తిరిగిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. తుపాను సాయానికి అవే ఊళ్ళలోకి అదే యూనిఫాంతో వెళ్ళడం ఎలాంటిదో మానసిక ఆరోగ్య కరపత్రాల్లో ఉండదు. పోలీసులను ఉత్త బాధితులుగా చూపించే కథనం ఇక్కడి జనానికి రుచించదు. రుచించాల్సిన పనీ లేదు. జనం నమ్మకం లేని చోట సహాయక సిబ్బంది ఒత్తిడి రెట్టింపవుతుందన్నది మాత్రం నిజం.

కొవిడ్ కాలం ఇంకో తరహా. 2020 జూన్‌లో పలాసలో కొవిడ్‌తో చనిపోయిన ఒక వృద్ధుడి శవాన్ని జేసీబీలో తరలించిన దృశ్యం దేశమంతా చూసింది. మున్సిపల్ కమిషనర్‌నూ శానిటరీ ఇన్‌స్పెక్టర్‌నూ సస్పెండ్ చేశారు. జరిగింది క్షమించరానిదే. అంటువ్యాధి భయంతో శవాన్ని ముట్టలేక యంత్రం వెతుక్కున్న కార్మికుల మనఃస్థితిని మాత్రం ఎవరూ చర్చించలేదు. ఏడాది తిరగకుండానే, 2021 ఫిబ్రవరిలో, పలాసకు ఆనుకునే ఉన్న కాశీబుగ్గ స్టేషన్ మహిళా ఎస్సై పొలాల్లో పడి ఉన్న అనాథ శవాన్ని ముట్టడానికి ఊళ్ళో ఎవరూ ముందుకు రాకపోతే స్వయంగా భుజం పట్టి మోసుకొచ్చారు. దేశమంతా మెచ్చుకుంది. ఒకచోట శిక్ష, ఒకచోట సన్మానం. రెండు చోట్లా కథ అక్కడితో ముగిసింది.

మామూలు బాధ ఏది, జబ్బు ఏది

ఘోరం చూసినవాడికి కొన్నాళ్ళు నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, చిరాకు, ఏడుపు రావడం జబ్బు కాదు. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 ఇలాంటి తక్షణ ఒత్తిడి ప్రతిస్పందనను రుగ్మతల జాబితా నుంచే తీసేసింది. ఎక్కువమందికి రోజుల్లో, వారాల్లో అదే సర్దుకుంటుంది. నెల దాటినా ఆ దృశ్యమే కళ్ళముందు మళ్ళీ మళ్ళీ జరుగుతున్నట్టు ఉండటం, ఆ చోటి వైపు వెళ్ళలేకపోవడం, ఎప్పుడూ ప్రమాదం పొంచి ఉన్నట్టు ఒళ్ళు బిగబట్టుకుని ఉండటం, మనసు మొద్దుబారి భార్యాపిల్లల మీద కూడా మమకారం తోచకపోవడం కలిసి ఉంటే అప్పుడు పీటీఎస్‌డీ అనుమానించాలి. సహాయక సిబ్బందిలో కుంగుబాటు, తాగుడు కూడా తరచు దీని వెంట వస్తాయి.

మన దగ్గర ఇది మనసు జబ్బుగా బయటపడదు. గుండెదడ, కడుపులో మంట, నడుం నొప్పి, బీపీ అంటూ మామూలు డాక్టరు దగ్గరికి వెళుతుంది. ఇంట్లోవాళ్ళు 'జడుసుకున్నాడు' అని తాయెత్తు కట్టిస్తారు. అందులో హాని లేదు, దానితోనే ఆగిపోతే తప్ప. తోటివాళ్ళు మాత్రం ఒక క్వార్టర్ బాటిల్ సలహా ఇస్తారు. మద్యంతో నిద్ర వచ్చినట్టే ఉంటుంది గానీ అది నిద్రను చెదరగొట్టి పీడకలలను పొడిగిస్తుంది. నిద్రమాత్రలుగా వాడే బెంజోడయజిపైన్లు కూడా ఈ జబ్బుకు మందు కావు, అలవాటుగా మారతాయి. పనిచేసేవి వేరే ఉన్నాయి: ఆ జ్ఞాపకాన్ని శిక్షణ పొందిన చికిత్సకుడి సమక్షంలో క్రమంగా ఎదుర్కొనే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, కంటి కదలికలతో చేసే ఈఎండీఆర్, అవసరమైతే సెర్ట్రాలిన్ వంటి మందులు.

కూర్చోబెట్టి చెప్పించడం మంచిదేనా

విపత్తు అయిన రెండు మూడు రోజులకే సిబ్బందిని ఒక గదిలో కూర్చోబెట్టి, ఏం చూశావు, ఏమనిపించింది అని వరసగా అందరిచేతా చెప్పించే పద్ధతి ఒకటుంది. దాన్ని డీబ్రీఫింగ్ అంటారు. అమెరికాలో అగ్నిమాపక, అంబులెన్సు సేవల్లో పనిచేసి మనస్తత్వవేత్త అయిన జెఫ్రీ మిచెల్ 1983లో దీన్ని ప్రతిపాదించారు. ప్రపంచమంతా పాకింది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 1990లలో బ్రిటన్‌లో కాలిన గాయాల రోగుల మీద చేసిన పరీక్షలో, 13 నెలల తరువాత చూస్తే, డీబ్రీఫింగ్ పొందినవారిలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ ఉంది. పొందనివారిలో 9 శాతమే. 2002 నాటి కాక్రేన్ సమీక్ష కూడా ఒక్క విడత డీబ్రీఫింగ్ వల్ల మేలు లేదని, తప్పనిసరి చెయ్యడం మానాలని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో దాని బదులు మానసిక ప్రథమ చికిత్స కరదీపిక వెలువరించింది. అందులో ఎవరినీ బలవంతంగా మాట్లాడించరు. నీళ్ళు, తిండి, నీడ, ఇంటికి ఫోను, భద్రత ముందు. చెప్పుకోవాలనుకునేవాడి మాట వినడం తరువాత.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చేదిగా తోచేది ఉత్తర సముద్రం నుంచి వచ్చిన ఒక అధ్యయనం. 1988 జూలై 6న పైపర్ ఆల్ఫా చమురు వేదిక పేలి 167 మంది చనిపోయారు. నెలల తరువాత సముద్రం అడుగు నుంచి పైకెత్తిన నివాస విభాగంలో చిక్కుకున్న శవాలను స్కాట్లండ్‌లోని గ్రాంపియన్ పోలీసులు వెలికితీశారు. యాదృచ్ఛికంగా ఆ పోలీసుల్లో కొందరి మానసిక ఆరోగ్య వివరాలు అంతకుముందే మరో పరిశోధన కోసం సేకరించి ఉన్నాయి. అబర్డీన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు డేవిడ్ అలెగ్జాండర్ ముందూ వెనకా పోల్చి చూశారు. అంత భయంకరమైన పని చేశాక కూడా ఊహించినంత మానసిక నష్టం కనిపించలేదు. 1991లో వెలువడిన ఆ వ్యాసం చెప్పిన కారణాలు సాదాసీదావి: పనిని పద్ధతిగా నడిపిన యాజమాన్యం, ముందుగా తయారు చెయ్యడం, తోటివాళ్ళ తోడు, మధ్యమధ్య జోకులు.

దీన్ని శ్రీకాకుళం జిల్లాకు అన్వయిస్తే కౌన్సెలర్ రాకముందే చెయ్యగలిగింది చాలా ఉందని తెలుస్తుంది. శవాల దగ్గరికి పంపేముందు అక్కడ ఏముందో చెప్పి పంపడం, కొత్త కానిస్టేబుల్‌ను అనుభవం ఉన్న హెడ్ కానిస్టేబుల్‌తో జతచెయ్యడం, పంచనామా రాసినవాణ్ణే మార్చురీకీ బంధువుల దగ్గరికీ పంపకుండా మార్చడం, చేతి తొడుగులు, మాస్కులు, శవాల సంచులు సరిపడా ఉంచడం, సిబ్బంది ఇళ్ళ క్షేమం తెలుసుకోవడానికి ఒక మనిషిని వెయ్యడం, తుపాను డ్యూటీ దిగినవాళ్ళను మర్నాడే బందోబస్తుకు తొయ్యకపోవడం. ఇందులో ఒక్కటీ మనోవైద్యుడి పని కాదు, ఎస్పీ కార్యాలయంలో డ్యూటీలు వేసేవాళ్ళ పని. ఎక్కువ చోట్ల దీని స్థానంలో జరిగేది విపత్తు ముగిసిన పక్షానికి ఒక యోగా శిబిరం. యోగా మంచిదే. నిద్రలేని మనిషిని తెల్లవారుజామున అయిదింటికి దానికి రప్పించడం ఏం మంచో నిర్వాహకులే చెప్పాలి.

చట్టం, ఆసుపత్రి, ఫైలు

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009 డిసెంబరులో విపత్తులలో మానసిక, సామాజిక తోడ్పాటుపై మార్గదర్శకాలు ఇచ్చింది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ అప్పటికే భోపాల్, ఒడిశా, గుజరాత్, సునామీ అనుభవాలతో శిక్షణ పుస్తకాలు తయారుచేసి ఉంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పోలీసుల గురించి చాలానే చెబుతుంది. దిక్కులేక తిరుగుతున్న మనోరోగిని స్టేషన్ అధికారి రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ఆసుపత్రికి చేర్చాలని 100వ సెక్షన్, పోలీసులకు ఎప్పటికప్పుడు అవగాహన కల్పించాలని 30వ సెక్షన్. చట్టం దృష్టిలో పోలీసు ఇతరుల జబ్బుకు కాపలాదారు. అతనికే జబ్బు చేస్తే అతను మామూలు పౌరుడు. ఆ హోదా కూడా తక్కువది కాదు, గోప్యత హక్కు 23వ సెక్షన్ కింద అతనికీ ఉంది. బీమా సంస్థలు మానసిక జబ్బులను శారీరక జబ్బులతో సమానంగా చూడాలని 21వ సెక్షన్ అంటుంది.

వైద్యం దొరకదా అంటే, దొరుకుతుంది. రిమ్స్‌గా జనం పిలిచే శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది, విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, పెద్ద అవసరానికి విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడు చేసినా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. సైనికుల కోసం 2023 డిసెంబరులో పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో దీనికి ప్రత్యేక విభాగం పెట్టారు. కేరళ పోలీసులు హ్యాట్స్ పేరిట తమ సిబ్బందికి సొంత సలహా కేంద్రం నడుపుతున్నారు.

అడ్డం వచ్చేది దూరమూ కాదు, డబ్బూ కాదు. ఫైలు. చినవాల్తేరు పెద్దాసుపత్రి పేరు ఉత్తరాంధ్రలో తిట్టుగా వాడతారు. అక్కడి చీటీతో సిక్ లీవు పెడితే స్టేషన్‌లో రైటర్ దగ్గర్నుంచి అందరికీ తెలుస్తుంది. తుపాకీ డ్యూటీ నుంచి తప్పిస్తారని, మెడికల్ బోర్డుకు పంపుతారని, ప్రమోషన్ ఆగుతుందని భయం. అధికారులకూ ఒక ఇరకాటం ఉంది: చేతిలో ఆయుధం ఉన్న మనిషి ఆత్మహత్య ఆలోచనలో ఉంటే ఆ ఆయుధం తీసుకోవాల్సిందే. తీసుకున్నది శిక్షగా కాకుండా, కోలుకున్నాక తిరిగి ఇచ్చే పద్ధతి రాతపూర్వకంగా ముందే ఉంటే భయం సగం తగ్గుతుంది. బ్రిటన్‌లో రాయల్ మెరీన్లు మొదలుపెట్టిన ట్రిమ్ అనే పద్ధతి ఇందుకు కొంత దారి చూపుతుంది. అందులో డాక్టరు ఉండడు. శిక్షణ పొందిన తోటి ఉద్యోగి ఘటన జరిగిన కొద్ది రోజులకు ఒకసారి, నెలకు మరోసారి పలకరించి, తగ్గనివాళ్ళను వైద్యానికి పంపుతాడు. విజయనగరం పోలీసు శిక్షణ కళాశాలలో ఇలాంటి శిక్షణకు చోటు వెతకడం కష్టమేం కాదు.

నింద

కాశీబుగ్గ తొక్కిసలాట ఒక ప్రైవేటు ఆలయంలో జరిగింది. ఇరుకు మెట్ల దగ్గర రెయిలింగ్ ఊడి ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. శవాలను మోసిన చేతులు ఇంకా కడుక్కోకముందే మొదలైన ప్రశ్న: పోలీసులెక్కడ? ప్రశ్న న్యాయమైనదే, విచారణ జరగాల్సిందే. ప్రకృతి విపత్తుకూ తొక్కిసలాటకూ సహాయక సిబ్బంది మనసులో ఉన్న తేడా ఇదే. తుపానును ఆపలేకపోయానని ఎవడూ కుమిలిపోడు. తొక్కిసలాటలో, ఇంకో పది నిమిషాల ముందు వెళ్ళి ఉంటే అన్న ఆలోచన వదలదు.

ఇంగ్లండ్‌లో 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో జరిగిన తొక్కిసలాటకు 97 మంది బలయ్యారు. పోలీసుల నిర్వహణ లోపమే కారణమని తేలింది. ఆ రోజు శవాల మధ్య పనిచేసిన కొందరు కానిస్టేబుళ్ళు తమకు మానసిక గాయమైందని తమ శాఖ మీదే దావా వేశారు. మృతుల బంధువులకే అలాంటి పరిహారం నిరాకరించిన న్యాయస్థానం పోలీసులకు ఇస్తే జనం ఏమనుకుంటారన్న వాదన నడిచింది. 1998లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దావా కొట్టేసింది. తీర్పు సబబో కాదో ఇప్పటికీ న్యాయశాస్త్ర తరగతుల్లో వాదించుకుంటారు. మన దగ్గర ఆ ప్రశ్న కోర్టు దాకా కూడా రాదు. శాఖాపరమైన విచారణ జరుగుతున్న ఉద్యోగి తనకు నిద్ర పట్టడం లేదని చెబితే సాకు వెతుకుతున్నాడంటారు. విచారణ అధికారీ, బాగోగులు చూసే అధికారీ ఒకరే కాకుండా ఉండటం ఇక్కడ కనీస అవసరం.

పేరు లేనివాళ్ళు

రెగ్యులర్ కానిస్టేబుల్‌కు సిక్ లీవు ఉంది, ఆరోగ్య భద్రత పథకం కింద ఆసుపత్రి ఖర్చుకు ఆధారం ఉంది. అతని పక్కనే అదే శవానికి రెండో వైపు పట్టిన హోంగార్డుకు జీతం రోజు లెక్కన. పని మానిన రోజు కూలి పోతుంది. పారిశుధ్య కార్మికుడు ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ మనిషి. గజ ఈతగాడికి పిలిచినప్పుడు వచ్చి పోవడమే. శవం దొరికితే చేతిలో ఎంతో కొంత పెడతారు. వీళ్ళలో ఎవరికీ మెడికల్ బోర్డు భయం లేదు, ఎందుకంటే వీళ్ళ పేరున ఫైలే లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందాలు విపత్తు తరువాత గ్రామాలకు వెళ్ళినప్పుడు బాధిత కుటుంబాల జాబితా తీసుకెళతాయి. సహాయక చర్యలకు ఎవరెవరిని పిలిచారో ఆ జాబితా తహసీల్దారు దగ్గరా స్టేషన్‌లోనూ ఉంటుంది, కూలి చెల్లించడానికి రాసుకున్నదే. ఆ కాగితం నకలు ఒకటి ఆసుపత్రి మానసిక విభాగానికి పంపితే, నెలకూ మూడు నెలలకూ ఒకసారి ఆ ఈతగాణ్ణి వెతికి పట్టుకుని పలకరించడానికి వీలవుతుంది.